కోరల్‌డ్రా ట్రయల్‌లో మెనూ, టూల్‌బార్లు మాయమైతే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: "కోరల్‌డ్రా 15 రోజుల ట్రయల్ వేసుకుని ఆరు రోజులైంది. నిన్న రాత్రి వరకు బాగానే ఉంది. పొద్దున తెరిస్తే పైన ఫైల్, ఎడిట్ అని ఉండే మెనూ లేదు, ఎడమ పక్కన టూల్స్ లేవు. ట్రయల్ కాబట్టి తీసేశారా సార్? రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అలాగే ఉంది. ఎల్లుండికి ఫ్లెక్సీ డిజైన్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది."

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది ట్రయల్ వల్ల వచ్చింది కాదు. మెనూలు, టూల్స్ అన్నీ మీ కంప్యూటర్లోనే ఉన్నాయి, కనిపించకుండా ఆఫ్ అయ్యాయి అంతే. కోరల్‌డ్రాను పూర్తిగా మూసేయండి. కీబోర్డు మీద ఎఫ్ 8 కీని నొక్కి పట్టుకుని, వదలకుండా, కోరల్‌డ్రా ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఇప్పుడున్న వర్క్‌స్పేస్ (అంటే తెర మీద మెనూ, టూల్స్ ఉండే అమరిక) తీసేసి మొదట వచ్చిన అమరిక పెట్టమంటారా అని ఇంగ్లిష్‌లో ఒక ప్రశ్న వస్తుంది. అది వచ్చేదాకా ఎఫ్ 8 మీద నుంచి వేలు తీయకండి. అవునని నొక్కితే ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజు ఎలా ఉందో అలా తెరుచుకుంటుంది. మీ డిజైన్ ఫైళ్లకు ఏమీ కాదు.

అయితే ఎఫ్ 8 చివరి మందు. అంతకంటే చిన్న మందుతో పోయే అవకాశం ఎక్కువ. పైగా ఎఫ్ 8 కొడితే పోయేవి కూడా కొన్ని ఉంటాయి. రెండు రోజులు టైముంది కదా, ఐదు నిమిషాలు పెట్టి ఇది చదివి ఆ తర్వాత నొక్కండి.

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. కోరల్‌డ్రా 12 వెర్షన్ ఉన్నప్పటి నుంచి ఇదే నా బతుకుదెరువు. మొదట్లో శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఇప్పుడు ఎక్కువగా ఫ్లెక్సీలు. సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలకు నేర్పుతాను. "సార్, మెనూ పోయింది" అని నెలకు ఒక్క ఫోనైనా వస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు అయితే "ఏదో నొక్కేశాను సార్" అంటారు. ట్రయల్ వేసుకున్నవాళ్లు మాత్రం "ఆపేశారు సార్" అంటారు. ఆ ఒక్క అనుమానంతోనే వెతకడం మానేసి, రాత్రంతా ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. జరిగింది మాత్రం ఇద్దరికీ ఒకటే.

ట్రయల్ అంటే వేరే ప్రోగ్రామ్ కాదు. కొన్నవాళ్లకు వచ్చేదే మీకూ వస్తుంది, 15 రోజులు లెక్కపెడుతుంది. గడువు దగ్గర పడుతుంటే తెరిచినప్పుడే ఇన్ని రోజులు మిగిలాయని చెబుతుంది. అయిపోతే కొనమని నేరుగా విండో పెట్టి అడుగుతుంది. ఆరో రోజున చడీచప్పుడు లేకుండా మెనూ బార్ తీసేసి, తొమ్మిదో రోజున టూల్‌బాక్స్ తీసేసే పద్ధతి అందులో లేదు.

కనిపించకపోవడం వేరు, బూడిదరంగులో ఉండటం వేరు. నాకు ఫోన్ చేసేవాళ్లను మొదట అడిగే ప్రశ్న ఇదే. కమాండ్ పేరు కనిపిస్తోందా, వెలిసిపోయినట్టు ఉండి క్లిక్ అవడం లేదా? అయితే అది మాయమవడం కాదు. ఆ సమయానికి ఆ పని చేయడానికి కావలసింది లేదని అర్థం. ఏ ఫైలూ తెరవకపోతే చాలా కమాండ్లు అలాగే ఉంటాయి. ఏదీ సెలెక్ట్ చేయకుండా పవర్‌క్లిప్ (ఒక బొమ్మను ఇంకో ఆకారం లోపల పెట్టే కమాండ్) కోసం వెళితే అదీ అంతే. ఆకారాలను కలపడానికి, కత్తిరించడానికి వాడే వెల్డ్, ట్రిమ్, ఇంటర్‌సెక్ట్ బటన్లయితే రెండు ఆబ్జెక్టులు సెలెక్ట్ చేస్తే తప్ప పైన ప్రాపర్టీ బార్‌లో కనిపించనే కనిపించవు. మా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు ఇంటికెళ్లి "క్లాసులో వెల్డ్ ఉంది, నా ట్రయల్‌లో లేదు" అని రెండు రోజులు బాధపడ్డాడు. ఫొటో తీసి పంపమంటే పంపాడు. అందులో సెలెక్ట్ అయి ఉన్నది ఒకే ఒక్క వృత్తం. రెండోది కూడా షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేయమన్నాను. బటన్లు వరుసగా వచ్చేశాయి.

ప్రాపర్టీ బార్ గురించి ఇంకో మాట. కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. మీరు ఏ టూల్ పట్టుకుంటే దానికి తగ్గట్టు అది మారిపోతుంది. ఏదీ సెలెక్ట్ చేయకుండా పిక్ టూల్ పట్టుకుంటే పేజీ సైజు, అంగుళాలా మిల్లీమీటర్లా అన్నది చూపిస్తుంది. ఒక బాక్స్ మీద క్లిక్ చేస్తే దాని పొడవు వెడల్పు, మూలల గుండ్రం వస్తాయి. అక్షరాల మీద క్లిక్ చేస్తే ఫాంట్ పేరు, సైజు వస్తాయి. "ఫాంట్ మార్చే డబ్బా పోయింది" అనేవాళ్లలో సగం మంది అక్షరాలు సెలెక్ట్ చేయకుండా చూస్తున్నవాళ్లే.

మీ సంగతి అది కాదు. మెనూ బార్ మొత్తం లేదంటున్నారు. అది ఎలా పోతుందో చూడండి. కోరల్‌డ్రాలో ఏ టూల్‌బార్ మీదైనా, బార్‌లో ఖాళీగా ఉన్న చోటైనా రైట్ క్లిక్ చేస్తే ఒక చిట్టా తెరుచుకుంటుంది. అందులో మెనూ బార్, స్టేటస్ బార్, స్టాండర్డ్, ప్రాపర్టీ బార్, టూల్‌బాక్స్ అని వరుసగా పేర్లు, పక్కన టిక్కులు ఉంటాయి. టిక్ ఉన్న పేరు మీద ఒక్క క్లిక్ పడితే చాలు, ఆ బార్ పోతుంది. "ఖాయమా?" అని కూడా అడగదు. తొందరలో ఉన్నప్పుడు సేవ్ ఐకాన్ మీద ఎడమ క్లిక్ బదులు కుడి క్లిక్ పడుతుంది. చిట్టా తెరుచుకుంటుంది. దాన్ని వదిలించుకోవాలని అక్కడే ఇంకో క్లిక్ చేస్తారు. అది ఏదో ఒక టిక్ మీద పడుతుంది. రెండు క్లిక్కుల పని. మౌస్ పాతబడి, ఒక్క క్లిక్‌ను రెండుగా కొట్టేస్తుంటే ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

మూసేటప్పుడు కోరల్‌డ్రా తన అమరికను గుర్తు పెట్టుకుంటుంది. అందుకే రాత్రి నిద్రమత్తులో పోయింది పొద్దున తెరిచినా అలాగే ఉంటుంది. మీరు "నిన్న రాత్రి వరకు బాగానే ఉంది" అని రాశారు కదా, పడుకునే ముందు ఆఖరి పది నిమిషాల్లో జరిగి ఉంటుంది.

మరి రీఇన్‌స్టాల్ ఎందుకు పనిచేయలేదు? ఈ అమరిక ప్రోగ్రామ్ ఫైళ్లతో కలిసి ఉండదు. విండోస్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్లో, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల, రోమింగ్‌లో, కోరల్ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. వర్క్‌స్పేస్ ఫైళ్లు అందులో ఉంటాయి. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రామ్ పోతుంది, ఆ ఫోల్డర్ ఉండిపోతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే కొత్త ప్రోగ్రామ్ వెళ్లి పాత అమరికనే తెచ్చుకుంటుంది. ఇల్లు కూల్చి కట్టినా పాత తాళమే వేసినట్టు. మీరు రెండుసార్లు కాదు, పదిసార్లు చేసినా మెనూ రాదు. ట్రయల్ రోజులు కూడా మళ్లీ ఒకటి నుంచి మొదలవ్వవు. కాబట్టి మూడోసారి చేయకండి.

ఇప్పుడు వరుసగా చేయండి.

ముందు ఎస్కేప్ కీ ఒకసారి నొక్కండి, అప్పటికీ రాకపోతే ఎఫ్ 9 ఒకసారి. కోరల్‌డ్రాలో ఎఫ్ 9 అంటే ఫుల్ స్క్రీన్ ప్రివ్యూ. అది నొక్కితే మెనూ, టూల్స్, రూలర్లు, రంగుల పట్టీ అన్నీ ఒకేసారి పోయి డిజైన్ ఒక్కటే మిగులుతుంది. మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. కీబోర్డు చూడండి: ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడు అక్షరాలు రాయడానికి టెక్స్ట్ టూల్ ఎఫ్ 8, నోడ్లు (గీత మీద ఉండే బిందువులు) సరిచేయడానికి షేప్ టూల్ ఎఫ్ 10, ఆ రెండింటి మధ్యలో ఎఫ్ 9. రోజంతా మా వేళ్లు ఆ రెండు కీల మీదే తిరుగుతుంటాయి, మధ్యదాని మీద పడక మానదు.

ఎఫ్ 9తో ఇంకో చిక్కు ఉంది. వ్యూ మెనూలో సెలెక్ట్ చేసినదాన్నే ప్రివ్యూ చూపమనే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉండి, ఏదీ సెలెక్ట్ చేయకుండా ఎఫ్ 9 పడిందంటే స్క్రీన్ మొత్తం తెల్లగా అయిపోతుంది. డిజైన్ కూడా కనిపించదు. ఒక శ్రావణ మాసంలో, పెళ్లిళ్ల సీజన్ జోరు మీదున్నప్పుడు, రాత్రి పదకొండింటికి మా వీధి చివర శుభలేఖల షాపులో కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాలుగు వందల కార్డుల మ్యాటర్ పోయిందని ఏడుపొక్కటే తక్కువ. వెళ్లి చూస్తే తెల్లటి తెర. కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చేద్దామని పవర్ బటన్ మీద వేలు పెట్టి ఉంచాడు. చేయి పట్టుకుని ఆపి ఎస్కేప్ నొక్కాను. కార్డు, వినాయకుడి బొమ్మతో సహా అక్కడే ఉంది. వాడు ఆఖరిసారి సేవ్ చేసింది సాయంత్రం ఆరింటికి. పవర్ బటన్ నొక్కి ఉంటే ఆ ఐదు గంటల పని నిజంగానే పోయే ప్రమాదం ఉండేది. అందుకే చెబుతున్నాను, స్క్రీన్ ఖాళీ అయితే మొదట ఎస్కేప్, తర్వాతే ఇంకేదైనా. పవర్ బటన్ జోలికి పోవద్దు.

మీ విషయంలో మూసి తెరిచినా అలాగే ఉందంటే ఎఫ్ 9 కాకపోవచ్చు. అప్పుడు రెండోది. స్క్రీన్ మీద ఏ టూల్‌బారైనా మిగిలి ఉందా చూడండి. పైన స్టాండర్డ్ బార్ కావచ్చు, ప్రాపర్టీ బార్ కావచ్చు. ఒక్కటి ఉన్నా చాలు. దాని మీద రైట్ క్లిక్ చేసి చిట్టాలో మెనూ బార్‌కు టిక్ పెట్టండి. మళ్లీ రైట్ క్లిక్ చేసి టూల్‌బాక్స్‌కు టిక్ పెట్టండి. ఒక్కొక్కదానికి ఒక్కోసారి తెరవాలి. మెనూ బార్ వచ్చాక మిగతావి విండో మెనూలో టూల్‌బార్స్ దగ్గర నుంచి కూడా తెచ్చుకోవచ్చు. కుడి పక్క రంగుల పట్టీ లేకపోతే అది టూల్‌బార్స్‌లో ఉండదు. విండో మెనూలోనే కలర్ ప్యాలెట్స్ అని వేరేగా ఉంటుంది. డాకర్లు (పక్కన తెరుచుకునే సెట్టింగుల ప్యానెళ్లు) కూడా అంతే, వాటికి వేరే వరుస.

ఒక్క బార్ కూడా మిగల్లేదా? కంట్రోల్, జె కలిపి నొక్కండి. ఆప్షన్స్ విండో తెరుచుకుంటుంది, మెనూ లేకపోయినా. అందులో కస్టమైజేషన్, దాని లోపల కమాండ్ బార్స్ అనే చోట అన్ని బార్ల పేర్లూ టిక్కులతో ఉంటాయి. కావలసినవాటికి టిక్ పెట్టి ఓకే చేయండి. పాత వెర్షన్లలో కస్టమైజేషన్ అనేది వర్క్‌స్పేస్ అనే మాట కింద ఉంటుంది, లోపల విషయం మాత్రం అదే.

మూడోది వర్క్‌స్పేస్. ఇది కొంచెం నిదానంగా చూడాల్సిన విషయం. ట్రయల్ వేసుకున్నవాళ్లకు ఇక్కడే ఎక్కువ దెబ్బ తగులుతుంది. కోరల్‌డ్రా తెరవగానే వచ్చే వెల్‌కమ్ స్క్రీన్‌లో ఏ వర్క్‌స్పేస్ కావాలో ఎంచుకోమని కొన్ని చూపిస్తుంది. లైట్, డిఫాల్ట్, టచ్, పేజ్ లేఅవుట్, ఇలస్ట్రేషన్ అలా. లైట్ అని చూసి, కంప్యూటర్ మీద బరువు తగ్గుతుందని, వేగంగా నడుస్తుందని చాలామంది దాన్ని నొక్కుతారు. అది వేగం కోసం పెట్టింది కాదు. కొత్తవాళ్లు కంగారు పడకుండా తరచూ వాడే టూల్స్ కొన్నే పైకి చూపించే అమరిక అది.

కరీంనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. పిల్లల్ని బడికి పంపాక ఇంట్లోనే వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. వీడియోలో మాస్టారు చూపించే టూల్స్ తన ట్రయల్‌లో సగం లేవని, కొంటే తప్ప రావేమోనని ఆవిడ అనుమానం. కొనడానికి భర్తను అడగాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నారట. విండో మెనూలోకి వెళ్లి, వర్క్‌స్పేస్‌లో డిఫాల్ట్ మీద నొక్కమన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత "అన్నీ వచ్చేశాయి అన్నయ్యా" అన్నారు. 15 రోజుల ట్రయల్‌లో ఏడు రోజులు అలా గడిచిపోయాయి. ఆ ఏడు రోజుల గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే అది ఎవరూ చెప్పకపోవడం వల్ల పోయిన సమయం.

మడిచే ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. స్క్రీన్ వెనక్కి మడిస్తే విండోస్ ట్యాబ్లెట్ మోడ్‌లోకి వెళుతుంది. అప్పుడు కొత్త వెర్షన్లు తమంతట తామే టచ్ వర్క్‌స్పేస్‌లోకి మారతాయి. మీరేమీ నొక్కలేదు, అయినా టూల్స్ స్థానాలు మారిపోతాయి. మళ్లీ కీబోర్డు వైపు తిప్పి, వర్క్‌స్పేస్ డిఫాల్ట్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

టూల్‌బాక్స్‌లో అన్నీ ఉన్నా ఒకటి రెండు టూల్స్ మాత్రమే లేకపోతే రెండు చోట్ల చూడండి. ఐకాన్ మూలన చిన్న నల్ల త్రికోణం ఉంటే దాని కింద ఇంకొన్ని ఉన్నాయని అర్థం, నొక్కి పట్టుకుంటే పక్కకు తెరుచుకుంటాయి. టూల్‌బాక్స్ అడుగున కూడిక గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఏ టూల్ చూపాలి, ఏది దాచాలి అన్న టిక్కుల చిట్టా వస్తుంది.

ఆ కూడిక గుర్తే కనిపించడం లేదంటే మీ స్క్రీన్ సరిపోవడం లేదు. మన దగ్గర ఎక్కువగా ఉండే 1366 బై 768 ల్యాప్‌టాప్‌లలో, విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్ (అక్షరాలు, ఐకాన్లను పెద్దవిగా చూపే సెట్టింగ్) 125 శాతం ఉంటే, టూల్‌బాక్స్ కింది భాగం తెర దాటి పోతుంది. ప్రాపర్టీ బార్ కుడి కొస కూడా అంతే, చివర చిన్న బాణం గుర్తు మిగులుతుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ 100 శాతానికి తగ్గించి చూడండి. అక్షరాలు మరీ చిన్నవై కళ్లు లాగితే దాన్ని అలాగే ఉంచి, కోరల్‌డ్రా ఆప్షన్స్‌లో అప్పియరెన్స్ దగ్గర ఐకాన్ సైజు తగ్గించండి. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి లాక్ టూల్‌బార్స్ టిక్ తీసేస్తే బార్లను మౌస్‌తో పట్టుకుని ఎక్కడికైనా జరుపుకోవచ్చు. జరుపుకున్నాక లాక్ మళ్లీ పెట్టేయండి. ఆ లాక్ తీసి ఉండటం వల్ల పొరపాటున లాగేసి పోగొట్టుకున్నవాళ్లు కూడా తక్కువేం కాదు.

రెండు మానిటర్లు వాడిన కంప్యూటరైతే ఒక మానిటర్ తీసేశాక డాకర్లు ఆ లేని మానిటర్ మీదే ఉండిపోవచ్చు. ఒక ఫ్లెక్సీ షాపులో రెండో మానిటర్ రిపేరుకు వెళ్లిన రోజే ఆబ్జెక్ట్స్ డాకర్ కనిపించకుండా పోయింది. టిక్ పెట్టే ఉంది, తెర మీద మాత్రం లేదు. అలాంటప్పుడు టిక్ తీసి పెట్టినా లాభం ఉండకపోవచ్చు, వర్క్‌స్పేస్‌ను రీసెట్ చేసి చూడాలి.

ఇక్కడికి వచ్చేసరికి కూడా మెనూ రాకపోతే అప్పుడు ఎఫ్ 8. పైన చెప్పినట్టే చేయండి. రెండు చోట్ల ఆగిపోతారు, అవి ముందే చెబుతాను. ఒకటి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎఫ్ 8 నొక్కితే ఎఫ్ 8 పడదు. సౌండు, వెలుతురు లాంటి పనేదో జరుగుతుంది. వాటిలో ఎఫ్‌ఎన్ కీ, ఎఫ్ 8 కలిపి పట్టుకోవాలి. రెండు, కోరల్‌డ్రా మూసేశామనుకుంటాం, లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లో కోరల్‌డ్రా పేరు ఉందేమో చూడండి. ఉంటే అక్కడ ఆపేసి, తర్వాత తెరవండి.

ఎఫ్ 8 వల్ల పోయేవి: మీరు పెట్టుకున్న సొంత షార్ట్‌కట్ కీలు, మీరు మార్చుకున్న టూల్‌బార్ అమరిక. ఆరు రోజుల ట్రయల్ కాబట్టి మీకు పెద్దగా ఏమీ ఉండవు, ధైర్యంగా నొక్కండి. వేరేవాళ్ల కంప్యూటరైతే మాత్రం అడక్కుండా నొక్కవద్దు. ఒకసారి నేను నొక్కాను. స్నేహితుడి షాపులో, వాడు భోజనానికి వెళ్లినప్పుడు, టూల్‌బాక్స్ కనిపించడం లేదని వాళ్ల అబ్బాయి అడిగితే ఎఫ్ 8 కొట్టేశాను. టూల్‌బాక్స్ వచ్చింది. వాడు ఎనిమిదేళ్లుగా అలవాటు చేసుకున్న షార్ట్‌కట్లన్నీ పోయాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ వారమంతా అలవాటు కొద్దీ పాత కీలే నొక్కుతూ, పని జరగక మళ్లీ మౌస్ అందుకుంటుంటే చూడలేకపోయాను. అప్పటి నుంచి ఎవరి సిస్టమ్ ముట్టుకున్నా ముందు వర్క్‌స్పేస్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ పెడతాను. మెనూ వచ్చాక మీరు కూడా విండో, వర్క్‌స్పేస్ దగ్గర ఎక్స్‌పోర్ట్ చూసి ఒక ఫైలుగా దాచుకోండి. ఇంకోసారి ఇలా అయితే ఇంపోర్ట్ చేస్తే చాలు.

ఇవన్నీ చేశాక కూడా నిజంగానే కొన్ని టూల్స్ లేవంటే, మీరు దింపుకున్నది ఏ ఎడిషనో చూడండి. కోరల్‌డ్రా గ్రాఫిక్స్ సూట్ వేరు, కోరల్‌డ్రా ఎసెన్షియల్స్ వేరు. రెండోది ఇంట్లో వాడుకునేవాళ్ల కోసం తగ్గించి చేసింది, దాంట్లో టూల్స్ తక్కువే. సూట్‌తో పాటు ఫొటో పెయింట్ అనే ఇంకో ప్రోగ్రామ్ కూడా వస్తుంది. ఐకాన్లు పక్కపక్కనే ఉంటాయి. దాన్ని తెరిచి ఇందులో ఆ టూల్ లేదేంటని వెతికినవాళ్లను నేను చూశాను.

క్రాక్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మెనూ పోయిందని నెట్‌లో వెతికితే ట్రయల్‌ను ఫుల్ చేసే యాక్టివేటర్లు కుప్పలుగా వస్తాయి. తెలిసిన షాపులో అలాంటిదొకటి నడిపాక మూడేళ్ల ఫైళ్లు తెరుచుకోకుండా అయిపోయాయి. కస్టమర్ల లోగోలు, శుభలేఖల మ్యాటర్లు, అన్నీ. మీ సమస్యకు అది మందే కాదు, ఎందుకంటే మీ మెనూను ట్రయల్ ఆపలేదు. దయచేసి దాని జోలికి వెళ్లకండి.

మీకు తొమ్మిది రోజులు మిగిలాయి. ఆ తర్వాత కొంటారో లేదో మీ ఇష్టం. కానీ ఈ రోజుల్లో చేసిన ఫైళ్లు తర్వాత కూడా మీకు పనికి రావాలి. ప్రెస్‌లో, ఫ్లెక్సీ మెషీన్ దగ్గర చాలాచోట్ల ఇంకా పాత వెర్షన్లే వాడుతున్నారు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. సేవ్ యాజ్ చేసేటప్పుడు కింద వెర్షన్ అని ఉంటుంది, అక్కడ వాళ్ల వెర్షన్ ఎంచుకోండి. ఎక్స్ 7 అయితే 17, ఎక్స్ 5 అయితే 15. తెలుగు అక్షరాలను కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేసి (అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చి) ఒక కాపీ, కర్వ్స్ చేయకుండా ఒక కాపీ ఉంచుకోండి. కర్వ్స్ చేసినదాంట్లో పేరు తప్పు పడితే దిద్దడం కుదరదు. చేయనిదాంట్లో అవతల ఆ ఫాంట్ లేకపోతే అక్షరాలు గజిబిజి అవుతాయి. రెండూ ఉంటే ఏ చిక్కూ లేదు. ఒక పీడీఎఫ్ కూడా తీసి పెట్టండి.

వేరే సాఫ్ట్‌వేర్ల ట్రయల్ గురించి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది కాబట్టి రెండు ముక్కలు. ఫొటోషాప్‌లో ప్యానెళ్లన్నీ ఒకేసారి పోతే ట్యాబ్ కీ పడిందని అర్థం, మళ్లీ నొక్కండి. మెనూ కూడా పోతే ఎఫ్ అక్షరం రెండు మూడుసార్లు నొక్కండి, స్క్రీన్ మోడ్ మారుతుంది. ఆటోక్యాడ్‌లో అన్నీ పోతే కంట్రోల్, సున్నా కలిపి నొక్కండి. రిబ్బన్ ఒక్కటే పోతే కమాండ్ లైన్‌లో రిబ్బన్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

మీరు మొదట కంట్రోల్ జె ప్రయత్నించండి. మెనూ బార్ టిక్ అక్కడే పోయి ఉంటుందని నా నమ్మకం. ఎఫ్ 8 దాకా వెళ్లినా ప్రశ్న విండో రాకపోతే మీ ల్యాప్‌టాప్ ఏ కంపెనీదో, కోరల్‌డ్రా ఏ వెర్షనో రాసి, స్క్రీన్ మొత్తం కనిపించేలా ఒక ఫొటో ఇక్కడే పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను. ఎల్లుండి ఫ్లెక్సీ టైముకి వెళ్లాలి.